మచ్చ చుట్టూ తిరిగే మంట

గుండెపోటు నుంచి కోలుకున్న ఇద్దరి పరీక్షల అంకెలు ఒకేలా ఉన్నా, ఒకరికి హఠాత్తుగా లయ తప్పి ప్రాణం పోవడానికీ, మరొకరు ఏళ్ల తరబడి నిక్షేపంగా ఉండడానికీ కారణమేమిటని ఒక పాఠకుడు అడిగారు. వైద్యులు ప్రధానంగా చూసేది ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఒక్కో స్పందనలో ఎడమ జఠరికలోని (గుండె కింది గదిలోని) రక్తంలో ఎంత శాతం బయటికి పోతోందన్నది. అది 35కు మించకపోతే, షాక్ ఇచ్చి లయను సరిదిద్దే డీఫిబ్రిలేటర్‌ను అమర్చే ఆలోచన చేస్తారు. కానీ హఠాన్మరణాలలో ఎక్కువ భాగం ఆ హద్దుకు పైన ఉన్నవారిలోనే జరుగుతాయి. ఆ అంకె చెప్పేది గుండె బలం గురించి. లయ కథ వేరు.

గుండెలో విద్యుత్తరంగం ఎండుగడ్డిలో మంటలా పాకుతుంది. కాలిన గడ్డి మళ్లీ మొలిచేదాకా మంట అటు రాలేనట్లే, ఒకసారి ఉత్తేజితమైన కణానికి సుమారు పావు సెకను విశ్రాంతి కావాలి. గుండెపోటు మిగిల్చిన మచ్చ ఈ మైదానం మధ్య చెరువు వంటిది. మామూలుగా మంట దాని రెండు గట్ల వెంబడీ సాగి, అవతల ఎదురెదురుగా కలుసుకుని ఆరిపోతుంది. అయితే అకాలంలో పుట్టిన స్పందన ఒకటి వచ్చేసరికి ఒక గట్టు ఇంకా కోలుకోకపోతే, మంట రెండో గట్టు మీదుగానే వెళ్లి, చుట్టు తిరిగి వచ్చేలోగా మొదటి గట్టు సిద్ధమవుతుంది. ఇక ఆ మంటకు ఆరడం ఉండదు. లయ తప్పేది ఇలాగే. తరంగం సెకనుకు 50 సెంటీమీటర్లు సాగే చోట, పావు సెకను విశ్రాంతి లెక్కన, ఈ ప్రదక్షిణకు కనీసం 12.5 సెంటీమీటర్ల దారి కావాలి. మచ్చ అంచున సగం బతికిన కణాల్లో వేగం అయిదో వంతుకు పడిపోతే 2.5 సెంటీమీటర్లు చాలు. కాబట్టి మచ్చ ఎంత పెద్దదన్న దానికంటే, దాని అంచులు ఎలా వంకర్లు తిరిగాయన్నదే కీలకం.

అంత వంకర దారిని కాగితం మీద లెక్కగట్టలేం. 1960లో బ్రిటిష్ శాస్త్రవేత్త డెనిస్ నోబుల్ ఒక్క గుండె కణపు విద్యుత్తును కంప్యూటర్‌పై సమీకరణాలతో నడిపించి చూపారు. అలాంటి సమీకరణాలనే ఈనాడు రోగి ఎమ్మారై నుంచి కట్టిన, మచ్చతో సహా ఉన్న త్రిమితీయ గుండెలో లక్షల బిందువుల వద్ద పరిష్కరిస్తారు. కంప్యూటర్‌లోని ఆ కృత్రిమ గుండెను పలుచోట్ల ప్రేరేపించి, మంట తిరుగుతుందో ఆరుతుందో చూస్తారు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో నటాలియా ట్రయనోవా బృందం 2016లో 41 మంది రోగుల సమాచారంపై ఇలా పరీక్షించినప్పుడు, ఎజెక్షన్ ఫ్రాక్షన్ కంటే ఈ నమూనాయే మెరుగ్గా ముప్పును పసిగట్టింది. సంఖ్య చిన్నదే అయినా పద్ధతి నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే అది కారణాన్ని చూపుతుంది.

ఉదాహరణల నుంచి కంప్యూటరే నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ తీరు వేరు. 2019లో మేయో క్లినిక్ పరిశోధకులు ఈసీజీ గీతలను మాత్రమే చూసి బలహీనపడిన జఠరికను గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్‌ను, అంటే అలా నేర్చుకునే ఒక ప్రోగ్రామ్‌ను, వెలువరించారు. దానికి కణాల విద్యుత్తు గురించీ, మచ్చ గురించీ ఎవరూ పాఠం చెప్పలేదు. గీతలు చూసి ఆయుష్షు చెప్పడమంటే హస్తసాముద్రికం గుర్తుకు రావచ్చు. కానీ ఈ జోస్యాన్ని వేలాది రోగుల రికార్డులతో సరిపోల్చి తప్పు పట్టవచ్చు. అయితే శిక్షణలో ఎలాంటివారి రికార్డులు లేవో, అలాంటివారి విషయంలో అది తడబడుతుంది.

కృత్రిమ గుండెకూ ఒక లోపముంది. అందులో ఆకారమూ మచ్చా రోగివే అయినా, కణాల సమీకరణాల్లో వేసే విలువలు చాలావరకు సగటువే. విశ్రాంతి కాలం ఎవరికెంతో ఎమ్మారై చెప్పలేదు. ఆ విలువలను అదే రోగి ఈసీజీ నుంచి అంచనా వేసి నమూనాకు అందించడమే ఈ రెండు పద్ధతులూ కలవవలసిన చోటు.