లేని టీ ఒలికితే

లక్కపిడతలు ముందేసుకున్న రెండేళ్ల పిల్ల ఉత్త గిన్నెలో గరిటె తిప్పి, గ్లాసులోకి వంచి, "కాఫీ, తాగు" అని అందిస్తుంది. వేడి వేడిగా ఊదుకుని తాగేస్తాం. ఇందులో వింతేముందనిపిస్తుంది గానీ, ఉంది. ఏది గిన్నె, ఏది గరిటె అని లోకాన్ని అప్పుడప్పుడే నేర్చుకుంటున్న వయసది. అరటిపండునే ఫోన్ అనుకుని చెవి దగ్గర పెట్టుకున్న పిల్లకి ఆ రెండూ కలగాపులగం అయిపోవాలి కదా? ఎందుకు కావడం లేదు?

1987లో ఈ ప్రశ్న వేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆలన్ లెస్లీ. ఆయన పరీక్ష చాలా చిన్నది. రెండు ఖాళీ కప్పుల్లో టీ పోసినట్టు నటించడం, ఒకదాన్ని బోర్లించి, దులిపి, మళ్లీ నిలబెట్టడం. ఆ తర్వాత "ఏది ఖాళీ కప్పు?" అని అడగడం. నిజానికి రెంటిలోనూ చుక్క లేదు. అయినా రెండు మూడేళ్ల పిల్లలు బోర్లించిన కప్పునే చూపించారు. అంటే లేని టీకి కూడా లెక్క ఉంది, అది ఒలికితే తగ్గుతుంది. ఆ లెక్కను పిల్లల మనసు నిజం లెక్కలో కలపకుండా విడిగా ఉంచుతుందని లెస్లీ వాదన. ఎదుటివాళ్ల మనసులో ఏముందో గ్రహించే శక్తికి మొదటి ఆనవాలు ఇదేనన్నాడు.

ఆంజెలీన్ లిలార్డ్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి ఒప్పుకోలేదు. ఆమె పిల్లల్ని ఇలా అడిగింది. మో అనే బొమ్మ కుందేలులా గెంతుతోంది, కానీ దానికి కుందేలంటే ఏమిటో తెలియదు. మరి అది కుందేలులా నటిస్తోందా? ఔనన్నారు నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది. నటించడమంటే వాళ్లకి చేసే పనే తప్ప, మనసులో ఉండే ఊహ కాదన్నమాట. ఈ వాదన నాకు బలంగానే కనిపిస్తుంది. అయితే లేని టీని ఖాళీ కప్పుతో కలపకపోవడం గొప్పే, దాన్ని ఇది కొట్టిపారేయలేదు.

ఊహల్లోని స్నేహితుల దగ్గర పెద్దవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. పిల్ల ఒక్కతే కూర్చుని ఎవరితోనో మాట్లాడుతుంటే గాలీ ధూళీ సోకిందేమోనని కొందరు, ఒంటరితనమేమోనని కొందరు బెంగపడతారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్జొరీ టేలర్, స్టెఫనీ కార్ల్‌సన్ తదితరులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో 100 మంది పిల్లల్లో 65 శాతానికి ఏడేళ్లు వచ్చేలోపు ఎప్పుడో ఒకప్పుడు అలాంటి నేస్తం ఉంది. ప్రాణం పోసుకున్న బొమ్మలూ ఈ లెక్కలోవే. ఆ నేస్తాలు చెప్పినట్టు వింటాయనుకునేరు! పిలిస్తే రావు, పోట్లాడతాయి, అలుగుతాయి. శ్రద్ధగా రాసుకుంటున్న పరిశోధకులకు పిల్లలే మధ్యలో "ఇది ఉత్తుత్తిదే, తెలుసా?" అని చెప్పిన సందర్భాలున్నాయి.

ఉత్తుత్తిదని తెలిసినంత మాత్రాన భయం పోదు. 1991లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ హారిస్ బృందం నాలుగేళ్లు, ఆరేళ్ల పిల్లలకి ఖాళీ పెట్టె చూపించి, లోపల రాక్షసి ఉన్నట్టు ఊహించుకోమంది. అది ఊహేనని పిల్లలకి తెలుసు. అయినా ప్రయోగం చేస్తున్న మనిషి గది నుంచి వెళ్లబోతే, చిన్నవాళ్లలో కొందరు వెళ్లనివ్వలేదు. మంచం కింద ఏమీ లేదని దీపం వేసి చూపించినా పిల్ల మళ్లీ పిలిచేది అందుకే. అక్కడ ఏమీ లేదన్న సంగతి ఆ పిల్లకి ముందే తెలుసు. కాసేపు పక్కన ఎవరైనా కూర్చోవాలి, అంతే.