చిన్నమెదడు కరెంటు: నేను తరచూ వినే అపోహలు

మా ల్యాబ్ హైదరాబాద్‌లో. చిట్టెలుక చిన్నమెదడు నుంచి వెంట్రుక మందానికి రెండు మూడు రెట్లుండే ముక్కలు కోసి, ఆక్సిజన్ బుడగలు పోయే ఉప్పునీళ్లలో బతికించి, ఒక్కో పర్కింజీ కణానికి (చిన్నమెదడు పైపొరలోని పెద్ద నాడీకణం) సన్నటి గాజు గొట్టం ఆనించి దాని విద్యుత్తు రికార్డు చేయడం నా పని. ఫిబ్రవరి 28న సైన్స్ డేకి వచ్చే బడిపిల్లలూ, పెళ్లిళ్లలో దొరికే చుట్టాలూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే.

అపోహ: నరాల్లో కరెంటు తీగలో పారినట్టే పారుతుంది.

వాస్తవం: తీగలో ఎలక్ట్రాన్లు తీగ వెంబడి కదులుతాయి. నాడీకణంలో సోడియం, పొటాషియం అయాన్లు కణం పొరను దాటి లోపలికీ బయటికీ పోతాయి. మామూలుగా కణం లోపల బయటికన్నా 60, 70 మిల్లీవోల్టులు తక్కువ ఉంటుంది. పొరలో సోడియం దూరే సన్నటి ద్వారాలు, అంటే సోడియం చానళ్లు, తెరుచుకోగానే ఆ తేడా తిరగబడుతుంది, పొటాషియం బయటికెళ్లి మళ్లీ సర్దుతుంది. అంతా కలిపి ఒక మిల్లీసెకను. దీన్నే స్పైక్ అంటాం. ఆ మార్పుకి పక్క చానళ్లు తెరుచుకుంటాయి, వాటి పక్కవి తెరుచుకుంటాయి, అలా ముందుకు సాగుతుంది. అందుకే నిదానం. చిన్నమెదడులో మైలిన్ అనే కొవ్వు తొడుగు లేని ప్యారలల్ ఫైబర్లలో (పర్కింజీ కణాలకి కబుర్లు తెచ్చే సన్నటి పోగులు) వేగం సెకనుకు అర మీటరు కూడా ఉండదు. మనం నడిచే వేగమే అంతకన్నా ఎక్కువ.

అపోహ: కబురు వచ్చేదాకా కణం ఊరికే ఉంటుంది.

వాస్తవం: పర్కింజీ కణం ఊరుకోదు. మా దగ్గర రికార్డింగ్‌ని స్పీకర్‌కి కలుపుతాం. గొట్టం కణానికి అతుక్కోగానే సిగ్నల్ దగ్గర ఆగిన ఆటో ఇంజనులా టకటకమని మోత మొదలవుతుంది. సినాప్సులన్నీ, అంటే ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు దాటే చోట్లన్నీ, మూసేసే మందు వేసినా ఆగదు. కణాన్ని ఇరుగుపొరుగు నుంచి పూర్తిగా విడదీసినా మోగుతూనే ఉంటుంది. దీని సోడియం చానళ్లకు ఒక ప్రత్యేక గుణం ఉందని 1997లో ఇందిరా రామన్, బ్రూస్ బీన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. స్పైక్ సమయంలో చానల్ పూర్తిగా తాళం పడకముందే ఒక అణుభాగం దారికి అడ్డుపడుతుంది. వోల్టేజి కిందికి దిగగానే అది తప్పుకుంటుంది, కాసింత సోడియం మళ్లీ లోపలికొస్తుంది. తర్వాతి స్పైక్‌కి అదే ఊతం.

ఈ మోత చాలా కణాల్లో సెకనుకు పదుల స్పైకుల్లో ఉంటుంది, 50 చుట్టుపక్కల కూడా. మన ఇంటి కరెంటూ 50 హెర్ట్జే! కొత్తగా చేరినవాళ్లు స్పీకర్‌లో గుయ్‌మనే మెయిన్స్ రొదని కణమనుకుని సంబరపడతారు. ఎర్తింగ్ సరిచూసి బయటి విద్యుత్ రొదని ఆపే లోహపు పెట్టె, ఫారడే పంజరం, తలుపు వేశాక అది మాయమవుతుంది.

అపోహ: కణం ఎంత మోగితే అంత పని జరిగినట్టు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయింది ఇదే. చిన్నమెదడు పైపొర నుంచి బయటికి వెళ్లేది పర్కింజీ కణాల కబురొక్కటే, అదీ 'ఆగు' అనే కబురు. అవి తమ కింది కణాలను అణచివేస్తాయని జపాన్‌లో మసావో ఇటో బృందం 1960ల్లో తేల్చింది. పర్కింజీ కణం మోగడం ఆపితే కిందివి లేస్తాయి. ఒక శబ్దం వినిపించి, కాసేపటికి కంటి మీద గాలి ఊదుతూ జంతువుకి అలవాటు చేయండి. కొన్నాళ్లకి గాలి రాకముందే కన్ను మూసుకుంటుంది. దానికి సరిగ్గా ముందు పర్కింజీ కణం కొద్దిసేపు మౌనంగా ఉంటుంది. అంటే నేర్చుకున్న పాఠం ఆ మౌనంలోనూ కనిపిస్తుంది.

లయ చెడినా కష్టమే. ఎపిసోడిక్ అటాక్సియా టైప్ 2 అనే జన్యు జబ్బు ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి తూలు, తల తిరుగుడు, మాట ముద్దగా రావడం గంటల తరబడి ఉంటాయి. ఒక కాల్షియం చానల్ జన్యువులో లోపం దానికి కారణం. అదే లోపమున్న ఎలుకల్లో పర్కింజీ కణాల మోత ఎగుడుదిగుడు అవుతుంది. 4-అమైనోపిరిడిన్ అనే మందు ఇస్తే లయ మెరుగుపడుతుంది, రోగుల్లోనూ దాడులు తగ్గాయి. మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు కాబట్టి న్యూరాలజిస్టు చెప్పకుండా ముట్టుకోవద్దు.

అపోహ: సినాప్స్ అంటే రెండు తీగలు కలిసిన జాయింటు.

వాస్తవం: ఎక్కువ చోట్ల మధ్యలో 20 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. స్పైక్ వస్తే కాల్షియం లోపలికెళ్తుంది, రసాయనం విడుదలవుతుంది, అవతలి కణం చానళ్లు తెరుస్తుంది. నేరుగా అయాన్లు దాటే విద్యుత్ సినాప్సులు కూడా లేకపోలేదు. పర్కింజీ కణాలకి కబురు తెచ్చే ఇంకో రకం పోగులు, క్లైంబింగ్ ఫైబర్లు, బయలుదేరే మెదడు కాండంలోని ఇన్ఫీరియర్ ఆలివ్‌లో అవి దండిగా ఉంటాయి. ఒక పర్కింజీ కణం మీద ప్యారలల్ ఫైబర్ల సినాప్సులు లక్షకు పైనే, ఒక్కోటీ బలహీనమే. క్లైంబింగ్ ఫైబర్ మాత్రం ఒక్కటే. అది మోగిందంటే కణం మొత్తం ఊగిపోతుంది.

అపోహ: చిన్నమెదడు పేరుకి తగ్గట్టే చిన్నది, బ్యాలెన్సుకి తప్ప పనికిరాదు.

వాస్తవం: మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే అందులో 6,900 కోట్లు ఇక్కడే. ఇది దెబ్బతింటే ప్లానింగ్, భాష, భావోద్వేగాల్లో కూడా తేడాలొస్తాయని 1998 నుంచి వైద్యులు ఒక సిండ్రోమ్‌గానే గుర్తిస్తున్నారు.

అపోహ: మందు తాగినవాడు కండరాల్లో బలం లేక తూలతాడు, మజ్జిగ తాగిస్తే సరి.

వాస్తవం: బలం ఉంటుంది, సమయం తప్పుతుంది. ఎలుకల మెదడు ముక్కల్లో చూస్తే, ఆల్కహాల్ వల్ల చిన్నమెదడులోని గోల్జీ కణాలు ఎక్కువ మోగి, ప్యారలల్ ఫైబర్లు బయలుదేరే గ్రాన్యూల్ కణాలను అణచేస్తాయి. పర్కింజీ కణాలకి చేరాల్సిన సమాచారం పలచబడుతుంది. డ్రంకెన్ డ్రైవ్ చెకింగ్‌లో చట్టం చెప్పే హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మజ్జిగ, నిమ్మరసం, స్ట్రాంగ్ కాఫీ ఆ అంకెను దించవు. కాలేయం దించాలి, దానికి గంటలు పడుతుంది.