కుక్క కరిస్తే తప్పు బ్రీడ్‌దా, ఓనర్‌దా? అపోహలు – వాస్తవాలు

నేను హైదరాబాద్ సైనిక్‌పురిలో పెంపుడు జంతువుల క్లినిక్ నడుపుతున్న పశువైద్యుణ్ణి. ఎక్కడైనా కుక్క కరిచిందని టీవీలో వస్తే చాలు, ఆ రోజు క్లినిక్‌కు వచ్చినవాళ్లంతా ఒకటే అడుగుతారు: "ఏ బ్రీడ్ సార్ అది?" ఇంకొందరు "బ్రీడ్‌లో ఏముంది, అంతా పెంపకమే" అని తేల్చేస్తారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ ఎవరైనా కుక్కకాటు సంగతి చెబితే నేను మొదట అడిగేది వేరు: కరవక ముందు అక్కడ ఏం జరిగింది?

అపోహ: కొన్ని జాతులు పుట్టుకతోనే కరిచే జాతులు.

వాస్తవం: అమెరికా పరిశోధకులు 18 వేలకు పైగా కుక్కల గురించి వాటి యజమానులను అడిగి, అందులో రెండు వేలకు పైగా కుక్కల డీఎన్‌ఏ పరీక్షించారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఒక కుక్క ప్రవర్తనకూ ఇంకో కుక్క ప్రవర్తనకూ ఉండే తేడాల్లో బ్రీడ్ వాటా సుమారు 9 శాతమే. 2021లో ఫిన్లాండ్‌లో తొమ్మిది వేలకు పైగా జాతి కుక్కలపై చేసిన అధ్యయనంలో మనుషులపై దూకుడు చూపినవాటిలో ముందున్నది బొచ్చు కుక్క రఫ్ కోలీ. దాని వెనకే బుజ్జి పూడిల్. భయస్తు కుక్కలు, చిన్న సైజు కుక్కలు, మొదటిసారి కుక్కను పెంచుతున్నవాళ్ల ఇళ్లలోని కుక్కలు ఎక్కువగా మీదికొస్తున్నాయని కూడా అందులో తేలింది. నా అనుభవంలోనూ భయమే అన్నిటికన్నా పెద్ద కారణం.

అలాగని బ్రీడ్‌ను పట్టించుకోనక్కర్లేదని నేను అనను. అదే ఫిన్లాండ్ అధ్యయనంలో లాబ్రడార్లు అట్టడుగున ఉన్నాయి. పామరేనియన్ కరిస్తే కట్టు కట్టుకుని ఇంటికి వెళ్లొచ్చేమో, రాట్‌వీలర్ కరిస్తే ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లాల్సి రావచ్చు. ఫలానా కుక్క కరుస్తుందా లేదా అన్నది బ్రీడ్ చూసి చెప్పలేం. కరిస్తే గాయం ఎంత లోతుకు పోతుందో మాత్రం చాలావరకు చెప్పొచ్చు. అంత బలమున్న కుక్కను తెచ్చుకున్నవాళ్లకు జాగ్రత్త కూడా అంతే ఉండాలి. ఇక పిట్‌బుల్ దవడ లాక్ అయిపోతుందన్నది ఉత్త మాట. దాని దవడలో అలాంటి ఏర్పాటేమీ లేదు.

అపోహ: ఆ జాతులను నిషేధిస్తే గొడవ వదులుతుంది.

వాస్తవం: 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల జాబితా ఇచ్చి, వాటికి లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్‌లోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. బ్రిటన్ 1991లోనే పిట్‌బుల్‌ను నిషేధించింది. అయినా 2023 చివర్లో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే ఇంకో రకాన్ని జాబితాలో చేర్చుకోవాల్సి వచ్చింది. నెదర్లాండ్స్ అయితే పిట్‌బుల్ నిషేధాన్నే ఎత్తేస్తున్నట్టు 2008లో ప్రకటించింది.

మన ఊరి సంగతే చూడండి. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్లిన యువకుడు ఇంట్లోని జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. మరుసటి నెల అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధి కుక్కలు చంపేశాయి. ఆ 23 జాతుల్లో జర్మన్ షెపర్డ్ లేదు, వీధి కుక్కా లేదు. రెండో ఘటన వెనక పిల్లలు పుట్టకుండా వీధి కుక్కలకు చేయాల్సిన ఆపరేషన్లు, చెత్త కుప్పలు, ఒంటరిగా తిరిగే పసిపిల్లలు, ఇలా చాలా ఉన్నాయి. మొదటిదానికి మందు ప్రతి ఇంట్లోనూ ఉంది: బెల్ మోగగానే కుక్కను ఒక గదిలో పెట్టి గడియ వేసి, ఆ తర్వాతే వీధి తలుపు తీయాలి. "మావాడు ఏమీ అనడండీ" అంటూ తలుపు బార్లా తీసేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పెంపుడు జంతువును అజాగ్రత్తగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా పడొచ్చు.

అపోహ: కుక్క తిరగబడిందంటే తప్పంతా ఓనర్‌దే.

వాస్తవం: ఈ మధ్య ఈసీఐఎల్ వైపు నుంచి ఆరేళ్ల లాబ్రడార్‌ను తీసుకొచ్చారు. మనవడి చేయి కరిచింది. "ఇన్నేళ్లలో ఎవరినీ ఏమీ అనలేదు సార్, ఇప్పుడేం పుట్టిందో" అని తాతగారు తల పట్టుకున్నారు. అది తల ఒక పక్కకు వంచి నిలబడింది. ఆ పక్క చెవి ఎత్తగానే గుప్పున వాసన. లోపల ఎర్రగా వాచి, గోధుమరంగు జిడ్డు పేరుకుపోయి ఉంది. చెవి మొదట్లో వేలు ఆనించగానే కుయ్యిమని నా చేతి మీదికి మూతి తిప్పింది. పిల్లాడు ముద్దుగా మెడ కావలించుకున్నప్పుడు నలిగింది ఆ చెవే. ఉన్నట్టుండి మారిన కుక్కను ట్రైనర్ దగ్గరికి కాదు, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చెవి, పన్ను, తుంటి కీలు, ఎక్కడైనా నొప్పి ఉండొచ్చు.

మీ ఇంటికి రాకముందే జరిగిపోయేవీ ఉంటాయి. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు చూసిందే లోకం. ఆ వయసులో రకరకాల మనుషులను, చప్పుళ్లను, తోటి కుక్కలను చూడనిది పెద్దయ్యాక ప్రతిదానికీ బెదురుతుంది. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కానీ నెల రోజుల పిల్లలను నా దగ్గరికి టీకాకు తెస్తూనే ఉన్నారు. కొనేముందు తల్లిని చూపించమనండి. తల్లి బెదురుగొడ్డయితే ఆ పిల్ల వద్దు.

అపోహ: గుర్రుమంటే కొట్టాలి, ఇంట్లో బాస్ ఎవరో తెలియాలి.

వాస్తవం: నేను ఎక్కువగా పోరాడేది దీనితోనే. గుర్రుమనడం అంటే "దూరం జరుగు" అని మర్యాదగా చెప్పడం. దానికి దెబ్బలు పడితే కుక్క చెప్పడం మానేస్తుంది, భయం మాత్రం పోదు. తర్వాత "చప్పుడు లేకుండా కరిచేసింది సార్" అంటారు. ఈ బాస్ మాట తోడేళ్ల నుంచి వచ్చింది. తోడేళ్ల గుంపుకు ఒక బాస్ ఉంటుందన్న సిద్ధాంతాన్ని జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే శాస్త్రవేత్తే అది తప్పని తర్వాత రాశారు. గుర్రుమనడానికి ముందు కూడా కుక్క చాలా చెబుతుంది: మొహం పక్కకు తిప్పుకుంటుంది, పదే పదే మూతి నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. చివరికి కదలకుండా బిగుసుకుపోతుంది. ఆ క్షణంలో పిల్లలను మెల్లగా పక్కకు తీసుకెళ్లండి, అరవకండి. బోనాల డప్పులు, దీపావళి టపాసులు మోగే రోజుల్లో ఇది ఇంకా ముఖ్యం.

అపోహ: తోక ఊపితే స్నేహమే.

వాస్తవం: ఒళ్లంతా వదులుగా ఊగితే స్నేహం. ఒళ్లు బిగించి తోక నిటారుగా ఎత్తి ఆడిస్తుంటే దగ్గరికి వెళ్లొద్దు.

అపోహ: మన కుక్కే కదా, టీకా వేయించాం, కాటుకు పసుపు పెడితే చాలు.

వాస్తవం: పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ వద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌లో రేబిస్ టీకాలు వేస్తారు. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి, అది అడిగి మరీ వేయించుకోండి. కుక్కను పది రోజులు గమనించమంటారు కదా, ఆ పది రోజులూ ఆగి టీకా వేయించుకుందామని మాత్రం అనుకోవద్దు. మొదటి డోసు ఆ రోజే పడాలి.