మెయిన్ పచ్చగా ఉండాలంటే

మారతహళ్లి, బెంగళూరు

చిరంజీవులకు పెద్దమ్మ దీవెనలు.

మీ పీజీ మెస్ లెక్కల యాప్ కోడ్ చూశాను. రాసిన తీరు నాకు నచ్చింది. కానీ నలుగురూ నాలుగు బ్రాంచ్‌లు (కోడ్‌కి విడి కాపీలు) తీసుకుని వారాల తరబడి ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. అన్నీ కలపడం కాలేజీలో చూపించే ముందు రోజుకి పెట్టుకున్నారు. ఆ రాత్రి ఎవరి మార్పు ఎవరి ఫంక్షన్‌ని చెడగొట్టిందో తేలదు. "నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది కదా" అని నలుగురూ అంటారు, నలుగురూ నిజమే చెప్తారు. అందుకే ఇప్పుడే సీఐ పెట్టుకోండి, అంటే కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్.

దాన్ని టూల్ అనుకోవద్దు, అదొక అలవాటు. రాసిన ముక్కని రోజుకి ఒక్కసారైనా మెయిన్‌లో, అంటే అందరి కోడూ చేరే ఉమ్మడి బ్రాంచ్‌లో, కలపాలి. కలిపిన ప్రతిసారీ ఒక మెషీన్ మొత్తం కోడ్‌ని కొత్తగా తీసుకుని టెస్టులు (కోడ్‌ని పరీక్షించే చిన్న ప్రోగ్రాములు) నడపాలి. 1990ల చివర్లో కెంట్ బెక్ అనే ప్రోగ్రామర్, ఆయన తోటివాళ్లు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పని పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినప్పుడే ఇది అందులో ఒక ముఖ్యమైన నియమం. దీనికోసం 2001లో క్రూయిజ్ కంట్రోల్ అనే టూల్ వచ్చింది, హడ్సన్ అనే ఇంకో టూల్ 2011లో జెంకిన్స్‌గా పేరు మార్చుకుంది, మీరు వాడబోయే గిట్‌హబ్ యాక్షన్స్ 2019లో అందరికీ అందింది. టూల్స్ మారుతూ వచ్చాయి, అలవాటు మాత్రం అదే. పదిహేను రోజుల పాత బ్రాంచ్ మీద పచ్చ టిక్ (టెస్టులు పాసయ్యాయనే గుర్తు) ఉన్నా, నా లెక్కలో అది సీఐ కాదు.

పెట్టుకోవడం తేలికే. రిపోలో (గిట్‌హబ్‌లో మీ కోడ్ ఉండే చోట) చుక్కతో మొదలయ్యే గిట్‌హబ్ ఫోల్డర్, దానిలో వర్క్‌ఫ్లోస్ ఫోల్డర్, అందులో ఒక యామిల్ ఫైలు (సెట్టింగులు రాసే టెక్స్ట్ ఫైలు). ఎప్పుడు నడవాలో (మెయిన్‌కి పుష్ చేసినప్పుడు అంటే కోడ్ పంపినప్పుడు, పుల్ రిక్వెస్ట్ అంటే "నా మార్పు కలపండి" అనే అభ్యర్థన వచ్చినప్పుడు), ఏ మెషీన్ మీద నడవాలో (ఉబుంటు చాలు), ఏం చేయాలో వరుసగా రాస్తారు: కోడ్ తెచ్చుకో, పైథాన్ పెట్టు, రిక్వైర్‌మెంట్స్ (కావలసిన లైబ్రరీలు) ఇన్‌స్టాల్ చెయ్యి, పైటెస్ట్ (టెస్టులు నడిపే టూల్) నడుపు. యామిల్‌లో ఇండెంటేషన్‌కి ట్యాబ్ పనికిరాదు, స్పేసులే వాడండి. మీ రిపో పబ్లిక్ కాబట్టి మామూలు రన్నర్లకి (ఈ పని నడిపే గిట్‌హబ్ మెషీన్లకి) డబ్బు కట్టక్కర్లేదు.

ఆ మెషీన్‌కి మీ కోడ్ అర్థం కాదు. ప్రతి కమాండ్ చివర్లో ఇచ్చే అంకె మాత్రమే చూస్తుంది. సున్నా వస్తే పచ్చ, ఇంకేదైనా వస్తే ఎరుపు. ఒక్క టెస్టూ దొరక్కపోతే పైటెస్ట్ 5 ఇస్తుంది, అదీ ఎరుపే. కానీ అసర్ట్ (జవాబు సరైనదో కాదో చూసే లైను) లేని టెస్టు రాస్తే హాయిగా పాసవుతుంది. అంటే ఆ టిక్ విలువ పూర్తిగా మీ టెస్టుల చేతిలో ఉంది.

మీ యాప్‌లోనే ఒక ఉదాహరణ చెప్తాను. రాత్రి ఒంటి గంటకి నమోదైన భోజనం ఏ తేదీ కింద పడాలో చూసే టెస్టు ఒకటి ఉంది. మీ ల్యాప్‌టాప్‌లలో 5వ తేదీ వస్తుంది, రన్నర్ మీద 4 వస్తుంది. రన్నర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనం దానికి ఐదున్నర గంటలు ముందుంటాం. మనకి రాత్రి ఒంటి గంటైతే దానికి ఇంకా నిన్న సాయంత్రం ఏడున్నర. అప్పుడు టెస్టులో 5 తీసేసి 4 అని రాసి పచ్చ చేసుకోవద్దు. తప్పు కోడ్‌లో ఉంది. టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని స్పష్టంగా చెప్పకుండా మెషీన్‌ని నమ్ముకుంది. రేపు యాప్‌ని క్లౌడ్ సర్వర్ మీద పెడితే నెలాఖరు బిల్లులు ఇలాగే తారుమారవుతాయి. ఇది కలిపే రోజు కాకుండా ఇప్పుడే బయటపడటం కోసమే ఈ ఏర్పాటంతా. విండోస్‌లో పెద్ద చిన్న అక్షరాల తేడా లేకుండా తెరుచుకునే ఫైలు లైనక్స్‌లో దొరక్కపోవడం కూడా ఇలాంటిదే.

ఇంకొకటి. ఇద్దరి మార్పులూ విడివిడిగా పచ్చగా ఉండి, కలిశాక ఎర్రబడొచ్చు. ఒకరు ఫంక్షన్ పేరు మార్చారు, ఇంకొకరు అదే రోజు కొత్త ఫైల్లో పాత పేరుతో పిలిచారు. కోడ్ కలిపే గిట్‌కి ఇందులో కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట ఢీకొన్న మార్పులు) ఏమీ కనిపించదు. అందుకే పుల్ రిక్వెస్ట్ మీదే కాదు, కలిపాక మెయిన్ మీద కూడా నడపమన్నాను. రిపో సెట్టింగ్స్‌లోని బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో ఈ చెక్ తప్పనిసరి చేయండి, బ్రాంచ్ తాజాగా ఉంటేనే కలపనిమ్మని టిక్ పెట్టండి.

మెయిన్ ఎర్రబడితే కొత్త ఫీచర్ ఆపి ముందు అదే చూడండి. వెంటనే కారణం దొరక్కపోతే ఆ మార్పుని రివర్ట్ చేసేయండి, అంటే వెనక్కి తీసేయండి, అందులో అవమానమేమీ లేదు. ఎవరిదని ఆరా తీస్తూ కూర్చోవద్దు. ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టుని "మళ్లీ నడిపితే పోతుందిలే" అని వదిలేస్తే, ఇంకొన్నాళ్లకి నిజమైన ఎరుపుని కూడా ఎవరూ పట్టించుకోరు. నాకు అన్నిటికంటే భయం దీని గురించే.

డేటాబేస్ పాస్‌వర్డ్ యామిల్‌లో రాయొద్దు, రిపో సెట్టింగ్స్‌లో సీక్రెట్స్‌లో పెట్టండి. ఇప్పటికే కమిట్ చేసి (రిపోలో నమోదు చేసి) ఉంటే ఫైల్లోంచి తీసేసినంత మాత్రాన పోదు, హిస్టరీలో ఉంటుంది. పాస్‌వర్డే మార్చేయండి.

ఈ వారంలో ఆ పాత బ్రాంచ్‌లని చిన్న ముక్కలుగా విడగొట్టి, ముందు బిల్లు లెక్కకి సంబంధించిన భాగం కలపండి. ఎక్కడైనా ఆగిపోతే ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో కాదు, లాగ్‌ని మొదటి ఎర్రర్ దగ్గర్నుంచి టెక్స్ట్‌గా పంపండి. ఆఫీసు నుంచి రాగానే చూస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ