జపాన్ బేస్‌బాల్ ఇన్‌ఫీల్డర్, ఆ తర్వాత కోచ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: గాల్లోకి ఎగిరి డైవ్ కొట్టేవాడే గొప్ప ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర కాపలా కాసే ఫీల్డర్).

వాస్తవం: చునిచి డ్రాగన్స్ జట్టు షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) హిరోకాజు ఇబాతాను చూస్తే ఈ మాట నిలవదు. 1997 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్తవాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఐదో రౌండ్ ఆటగాడు, ఎత్తు 173 సెంటీమీటర్లు. అయినా మేటి ఫీల్డర్లకిచ్చే గోల్డెన్ గ్లవ్ అవార్డు ఏడుసార్లు అందుకున్నాడు: 2004 నుంచి 2009 దాకా వరసగా ఆరు, 2012లో మరొకటి. బంతి కొట్టిన బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరడానికి పట్టేది నాలుగు సెకన్లు, ఆ పైన కొంచెం. అంతకు ముందే బంతి ఫస్ట్ బేస్ చేరితే అతను ఔట్. బంతి చిక్కాక అడుగులు సర్దుకుందామంటే అప్పటికే ఆలస్యం. కుడి కాలు, వెంటనే ఎడమ కాలు, అప్పుడు క్యాచ్. బంతి చిక్కాల్సింది పాదాల మధ్య కాదు, వాటికి ముందు, రెండు పాదాలూ గ్లవ్ కలిసి చేసే త్రిభుజం కొసన. గ్లవ్ ముందే నేలకు ఆని ఉండాలి. బంతి లేస్తే చెయ్యి దానితో పాటే లేస్తుంది కానీ, పైనున్న గ్లవ్‌ను కిందికి దించే టైము దొరకదు. అలా కాళ్ల సందులోంచి బంతి జారిపోవడాన్ని జపాన్‌లో 'టన్నెల్' అంటారు. పేరు బాగా పెట్టారు.

అపోహ: తప్పులు తక్కువ చేసేవాడే మంచి ఫీల్డర్.

వాస్తవం: అందుకోలేని బంతికి తప్పు రాయరు. అడుగు కదపనివాడి లెక్క ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

అపోహ: అరాకి, ఇబాతాల గ్లవ్ టాస్ వట్టి షో.

వాస్తవం: అది పక్కా లెక్క. బంతి పిచర్‌ను (బంతి విసిరేవాణ్ని) దాటి నడిమధ్యగా దూసుకొస్తే సెకండ్ బేస్‌మన్ మసాహిరో అరాకి తన కుడివైపుకి పరిగెత్తాలి, అంటే ఫస్ట్ బేస్‌కి దూరంగా. అందుకున్నా ఆగి, ఒళ్లు తిప్పి విసరాలి, రన్నర్‌కి కావాల్సింది ఆ క్షణమే. అదే సమయంలో అవతలి నుంచి వచ్చే ఇబాతా పరుగు ఫస్ట్ బేస్ వైపే ఉంటుంది, విసురుకి ఆ ఊపు కలిసొస్తుంది. అందుకే అరాకి విసరకుండా గ్లవ్‌లోంచే బంతిని ఇబాతాకి చిమ్మేస్తాడు. టాస్ ఛాతీ ఎత్తులో, ఇబాతా నడకకి కాస్త ముందు పడాలి. వెనక పడిందా, ఇద్దరి శ్రమా వృథా.

అపోహ: షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ ఒకటే పని. ఎవరైనా ఎక్కడైనా ఆడొచ్చు.

వాస్తవం: 2010లో మేనేజర్ ఓచియాయ్ ఈ ఇద్దరినీ అటూ ఇటూ మార్చాడు. షార్ట్‌లో అరాకి తప్పులు పెరిగాయి. అక్కడ విసురు పొడుగు, చెయ్యి మీద భారం వేరు. సెకండ్ బేస్‌లో కష్టం ఇంకోలా ఉంటుంది: డబుల్ ప్లేలో (ఒకే బంతికి ఇద్దర్ని ఔట్ చేసేటప్పుడు) రన్నర్ వీపు వెనక నుంచి వస్తుంటే తిరిగి విసరాలి. అయినా డ్రాగన్స్ 2010, 2011 రెండేళ్లూ సెంట్రల్ లీగ్ గెలిచింది. కాబట్టి ఆ మార్పు పూర్తిగా తప్పని చెప్పడం కష్టం.

అపోహ: బాగా ఆడినవాడు కోచింగ్ కూడా బాగా చేస్తాడు. వెయ్యి బంతులు కొట్టి పట్టిస్తే చాలు.

వాస్తవం: ఇబాతా 1,912 హిట్లతో 2015లో యోమియురి జెయింట్స్‌లో ఆట ముగించి, 2016 నుంచి మూడేళ్లు అక్కడే ఇన్‌ఫీల్డ్ డిఫెన్స్, బేస్ రన్నింగ్ కోచ్‌గా చేశాడు. టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టుకీ కోచ్. అండర్ 12 పిల్లల జట్టునీ నడిపాకే 2023లో జాతీయ జట్టు మేనేజర్ అయ్యాడు. కోచ్ బంతి కొట్టే ప్రాక్టీసును అక్కడ 'నాక్' అంటారు, దానికి పొడవైన తేలికపాటి బ్యాట్ వేరే ఉంటుంది. వెయ్యి బంతుల నాక్‌లో అలసట రాగానే నడుము లేస్తుంది. ఆ తర్వాత ఒంటికి అలవాటయ్యేది చెడ్డ ఫామే. ముందు మూడు నాలుగు మీటర్ల నుంచి చేత్తో దొర్లించాలి. అడుగులు కుదిరాక ఎదురు బంతి, బ్యాక్‌హ్యాండ్, మెల్లగా దొర్లే బంతి అని విడివిడిగా పెట్టాలి. నడుము లేచిన బంతితోనే ఆపెయ్యాలి.

అపోహ: థర్డ్ బేస్ పక్కన నిలబడి రన్నర్‌ని పొమ్మనో ఆగమనో చెప్పే థర్డ్ బేస్ కోచ్ పని చేతులూపడమే.

వాస్తవం: ఫీల్డర్ బంతిని ఏ వాటంలో అందుకున్నాడు, ఎన్ని ఔట్లు, రన్నర్ ఎక్కడున్నాడు అన్నవన్నీ ఒక్క చూపులో తేల్చాలి. విసురుకి ఎంత టైము పడుతుందో ఇన్‌ఫీల్డర్‌కి ఒంటికి తెలుసు. అందుకే ఇన్‌ఫీల్డ్ డిఫెన్స్, బేస్ రన్నింగ్ కోచింగ్ రెండూ తరచూ ఒక్కరికే అప్పజెబుతారు. రన్నర్ ఏ బేస్‌లో ఉన్నాడన్నది ఎంత ముఖ్యమో చూడండి. 2013 మార్చి 8న టోక్యో డోమ్‌లో తైవాన్ మీద జపాన్ 2-3తో వెనకబడి ఉంది. తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు ఔట్లు. ఫస్ట్ బేస్‌లో ఉన్న జపాన్ రన్నర్ తోరితానీ సెకండ్ స్టీల్ చేశాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి సెకండ్ బేస్ చేరాడు. ఔటైతే ఆట అక్కడితో సరి. ఫస్ట్‌లోనే ఉండిపోతే మామూలు సింగిల్‌కి (బ్యాటర్‌ని ఫస్ట్ బేస్ దాకా చేర్చే దెబ్బకి) అతను హోమ్ చేరి పరుగు తేవడం దాదాపు అసాధ్యం. సెకండ్ నుంచి చేరాడు. సెంటర్ వైపు ఆ సింగిల్ కొట్టింది ఇబాతాయే.