రేకులే కదేటి, గోడకి బరువేటి?

సొంతంగా పశువుల శాల కట్టుకునే రైతుల్లో పదిమందికి తొమ్మిదిమంది నాతో అనే మాట ఇది. మొన్న శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర ఒకాయన ఇటుక, ఇసక దింపించేసి పిలిచాడు. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల గోడల మీదే ట్రస్సులు, అంటే రేకుల్ని మోసే చట్రాలు. అందులో తప్పేం లేదు. గోడల పైన చుట్టూ బెల్టు, అంటే రాడ్లు వేసిన కాంక్రీటు పట్టీ, వేద్దామంటేనే "స్లాబు కాదు కదా బావూ, రేకులకి బెల్టేటి? డబ్బులు దండగ" అన్నాడు.

అపోహ: కప్పు తేలిక, గోడకి పనేం లేదు.

వాస్తవం: తేలిక కాబట్టే గోడకి పని. స్లాబయితే తన బరువుతో గోడని తొక్కిపెట్టి ఉంచుతుంది. ఇనుప రేకు చదరపు అడుగుకి అరకిలో ఉంటుంది, అంతే. మన తీరానికి లెక్కలో వేసుకునే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు అడుగుకి దాదాపు 14 కిలోలు. రేకుల కప్పుని అది ఎక్కువగా నొక్కదు, పైకి లాగుతుంది. ఒకవైపు తెరిచిన శాలయితే లోపల దూరిన గాలి కింద నుంచి కూడా ఎత్తుతుంది. ట్రస్సులు పదడుగులకొకటి వేస్తే ఒక్కో కొసకి వంద చదరపు అడుగుల కప్పు, అంటే 1,400 కిలోల లాగుడు. తొమ్మిదంగుళాల గోడేమో చదరపు అడుగుకి 40 కిలోలే, ఆ లాగుడుని ఆపాలంటే 35 చదరపు అడుగుల గోడ బరువు కావాలి. పై రెండు వరసల్లో పాతిన బోల్టు ఆ రెండు వరసల్నే పట్టుకుంటుంది. కింది గోడకి దానితో సంబంధం లేదు.

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. నాలుగో రోజున, పడిన చెట్లు తప్పించుకుంటూ, వజ్రపుకొత్తూరు వైపు నేనే కట్టిన శాల చూడ్డానికి వెళ్లాను. గోడలు నడుం ఎత్తే మిగిలాయి. కప్పు పక్క జీడితోటలో బోర్లా పడుంది. నేను బిగించిన బోల్టు ట్రస్సు కొసకి అలాగే ఉంది. వంగలేదు, నట్టు వదులవలేదు. దాని కింద రెండిటుకలు మాలుతో సహా వేలాడుతున్నాయి. ఆ ఇంటి ముసలమ్మ చూసి "నీ బోల్టు గట్టిదే నాయినా" అంది. తిట్టినా బాగుండేది. ఆవుల్ని ముందురోజే విప్పి తోలేశారు, అదొక్కటే నయం.

అప్పట్నుంచి ప్రతి ట్రస్సు కింద, పునాది మీద పోసే ప్లింత్ బెల్టులోంచే రెండు 12 ఎంఎం రాడ్లు లేపుతున్నాను. వాటి చుట్టూ ఇటుకల్లో గూడు వదిలి కాంక్రీటు పోసి, పై బెల్టులోకి వంచి కడతాను. బెల్టు నాలుగు గోడల చుట్టూ తెగకుండా తిరగాలి, ట్రాక్టరు గేటు మీద కూడా. ట్రస్సు బోల్టులు బెల్టు పోయకముందే రాడ్లకి కట్టాలి. తర్వాత డ్రిల్లు కొట్టి దింపుతామనే వాళ్ల మాట వినకండి.

రేకుల మీద ఇసక బస్తాలు పేరిస్తే చాలదా అంటారు. 50 కిలోల బస్తా మూడున్నర చదరపు అడుగులకి సరి. ఎన్ని పేరుస్తారు? రాళ్లయితే ఇంకా ఘోరం, ఎగిరి ఎవరి నెత్తిన పడతాయో.

శాల ముందే కట్టేసుకున్నవాళ్లు బెంగపడకండి, పడగొట్టక్కర్లేదు. ట్రస్సు కింద గోడకి లోపలా బయటా ఇనుప పట్టీలు దించి, గోడలోంచి బోల్టులు దూర్చి బిగించాలి. కింది బోల్టు పునాదికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. అక్టోబరు లోపు చేయించుకోండి.

మిగతావి. బూడిద ఇటుక బరువు మోయదన్నది పుకారు, బాగా తయారుచేసిందయితే మోస్తుంది. మాలులో సిమెంటు ఎక్కువైతే గోడ గట్టిపడదు, బీటలిస్తుంది. సిమెంటు ఒకటికి ఇసక ఆరు చాలు, వారం రోజులు నీళ్లు పెట్టండి. ముప్పై అడుగుల గోడని మధ్యలో ఊతం లేకుండా లేపొద్దు, పదడుగులకో దిమ్మ కలిపి కట్టించండి.

మందస ఆయన చివరికి బెల్టుకి ఒప్పుకున్నాడు. ఇప్పుడు పన్నెండడుగుల గేటు సరిగ్గా మూలకి ఆనించే కావాలంటున్నాడు. మూలలో కనీసం రెండడుగుల గోడ ఉండాలని చెప్పడానికి రేపు మళ్లీ వెళ్లాలి.