పెద్దవాళ్ల జ్ఞాపకాల సేకరణ: అపోహలు - వాస్తవాలు

తొంభై దాటిన పెద్దల దగ్గర కూర్చుని వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయడం నా పని. దాదాపు ప్రతి ఇంట్లో ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు, డెబ్బై ఏళ్ల కిందటి సంగతులేం చెబుతారు?

వాస్తవం: మతిమరుపు మామూలుగా కొత్త సంగతులతో మొదలవుతుంది. పదికీ ముప్పైకీ మధ్య వయసులో జరిగినవి చాలామందికి గట్టిగా గుర్తుంటాయి. మనం అడిగే తీరే ముఖ్యం. "పోలీసు చర్య గురించి చెప్పు తాతా" అంటే "ఏముంది, మిలిటరీ వచ్చింది" అని ఊరుకుంటారు. భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన ఆ 1948 సెప్టెంబరులో ఇంట్లో ఎవరెవరున్నారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు, జొన్నలు ఎక్కడ దాచారు అని అడగండి. నిజాం కాలంలో చెలామణీ అయిన పాత హాలీ సిక్కా నాణెమో, పెళ్లి ఫొటోనో చేతికివ్వండి. అక్కణ్ణుంచి మాట దానంతటదే సాగుతుంది.

అపోహ: తేదీలు చెప్పలేనివాళ్ల మాటలు చరిత్రకు పనికిరావు.

వాస్తవం: నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. వాళ్ల లెక్క వేరు, అంతే. "విజయ నామ సంవత్సరంలో గోదారి పొంగినప్పుడు పెద్దోడు చంకలో ఉన్నాడు" అంటే అది 1953 వరద. ఆ పేరు మళ్లీ వచ్చింది 2013లోనే కాబట్టి తికమకకు తావు లేదు. విశాఖ, కాకినాడల మీద 1942లో జపాన్ బాంబులు, 1957లో నయాపైసలు, 1977 దివిసీమ ఉప్పెన... వీటికి ముందా, తర్వాతా అని అడిగితే చాలావరకు కాలం తేలిపోతుంది. అయితే విన్నది కూడా కాలం గడిచేకొద్దీ చూసినట్టే అనిపిస్తుంది. అందుకే "మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని తప్పక అడగాలి. రెండూ విలువైనవే, విడివిడిగా రాసుకోవాలి.

అపోహ: అమ్మమ్మకేం తెలుసు, ఇల్లు దాటింది లేదు కదా!

వాస్తవం: తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు కబుర్లు మోశారు, దళాలకు అన్నం పెట్టారు, తుపాకీ కూడా పట్టారు. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లను వెతికి, వాళ్ల మాటల్లోనే 1986లో అచ్చువేసింది. ఇల్లు దాటనివాళ్ల దగ్గరా కరువులో ఏం వండారు, పురుడు ఎవరు పోశారు, ఎందరు బిడ్డలు దక్కలేదు అన్న చరిత్ర ఉంటుంది. అది ఏ ఆఫీసు కాగితంలోనూ దొరకదు. ఆమెను అడిగితే కొడుకులు జవాబిస్తుంటారు. వాళ్లను కాసేపు బయట కూర్చోమని మర్యాదగా చెబుతాను.

అపోహ: మంచి కెమెరా, మైకు కొన్నాక మొదలుపెడదాం.

వాస్తవం: ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపి, బాగా వినిపించే చెవి వైపు కూర్చోండి. ముప్పావు గంట దాటనివ్వొద్దు. ఫైలుకు పేరు, ఊరు, తేదీ పెట్టి కనీసం రెండు వేరువేరు చోట్ల దాచండి.

ఆ రికార్డింగు ఎవరికి వినిపించవచ్చో ఆ పెద్దవాళ్లనే అడిగి, ఆ జవాబు కూడా రికార్డు చేయండి. "నేను పోయాకే బయటపెట్టు" అంటే అలాగే చేయాలి.